కూలర్ బిగించింది ఎవరు

ఫిల్మ్ నగర్‌లో ఒక ఎడిటింగ్ రూమ్‌లో ఊడవడం, టీలు పెట్టడం నా పని. యూసుఫ్‌గూడలో మా ఇల్లు ఆ పని మీదే నడుస్తుంది. ఒకరోజు పెద్ద కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోందని, కొత్త కూలర్ బిగించడానికి ఒకతను వచ్చాడు. అప్పుడే ఎడిటర్ సార్‌కి జూబ్లీ హిల్స్ నుంచి హీరోగారి పిలుపు వచ్చింది. పోతూ నాతో అన్నాడు.

"సినిమా మొత్తం అందులోనే ఉంది. అతని చేతుల మీంచి కళ్ళు తీయకు. ఒక్క ముక్క బయటికి పోయినా ముందు పంపించేది నిన్నే."

కూలర్ బిగించడానికి వచ్చినతని ఫోన్ తీసుకుని టీపొడి డబ్బా వెనక పెట్టాను. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

అతను కంప్యూటర్ పక్క తలుపు ఊడదీశాడు. అట్టపెట్టెలోంచి రేకులు పేర్చినట్టున్న దిమ్మె ఒకటి తీశాడు. అదే కూలర్. ఇటుకంత బరువు.

"దీన్ని పడుకోబెట్టాలక్కా," అన్నాడు కంప్యూటర్‌ని చూపించి.

"ఎందుకు పండవెట్టుడు? పూజ చేసిన మిషన్ అది. బొట్టు కనవడ్తలేదా?"

"నిలబెట్టి బిగిస్తే స్క్రూలన్నీ పట్టేలోపే ఈ బరువంతా లోపలి బోర్డుకి వేలాడుద్ది. బోర్డు వంగిపోద్ది. అప్పుడు మీ సారు నన్ను వేలాడదీస్తాడు."

"సరే, జర మెల్లగ. తల మాత్రం ఉత్తరం దిక్కు పెట్టకు."

"తల ఎటుందో మీరే చూపించండి."

నాకు నవ్వు రాలేదు. దుప్పటి పరిచి ఇద్దరం పడుకోబెట్టాం. పాత కూలర్ తీసేసి, కింద వేడెక్కే చిప్పు బిళ్ళని తుడిచి, బఠానీ గింజంత పేస్టు పెట్టాడు. కొత్త కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర పీకి జేబులో వేసుకోబోయాడు. చేయి చాపాను. ఇచ్చాడు. వెలుతురులో తిప్పి చూశాను. ప్లాస్టిక్కే.

"రెండు చేతులతో తిన్నగా పట్టుకోండక్కా. స్క్రూలు పట్టేదాకా ఒరగకూడదు."

పట్టుకున్నాక తెలిసింది. దిమ్మె అడ్డం వచ్చి అతని చేతులు కనబడటం లేదు. సినిమా ఉన్న డిస్కు అటుపక్కే ఉంది.

"నువ్వు పట్టుకో. నేను తిప్పుత."

"మీకేం తెలుసక్కా?"

"నాకేం తెల్వది. నీ చేతులకేం తెలుసో గదే చూస్తున్న."

నన్ను ఎగాదిగా చూసి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. రెండు చేతులూ దిమ్మె మీద వేసి చెప్పాడు. "ఇక్కడ కొంచెం. ఇప్పుడు ఎదురు మూల. ఒకటే బిగించారంటే రెండోపక్క లేచిపోద్ది." నా కళ్ళు స్క్రూ మీద కంటే అతని వేళ్ళ మీదే ఎక్కువున్నాయి. ఇక తిరగనప్పుడు "చాలు, చాలు!" అని అరిచాడు. ఫ్యాన్ వైరు పెట్టాడు. మెల్లగా లేపి నిలబెట్టాం.

సార్ వచ్చి చాలాసేపు పని చేసి చూశాడు. కంప్యూటర్ ఆగలేదు.

"బాగా బిగించావయ్యా. లోపల ఇంకెవరి చెయ్యీ పడలేదుగా?"

అతను నా వైపు చూశాడు.

"నేనొక్కడినేనండీ. అక్క స్టూలు దిగలేదు."

గుమ్మం దగ్గర ఫోన్ ఇస్తూ అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"మీరు బిగించారంటే నన్నింకోసారి పిలుస్తారా?" అని నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

నన్ను కాపాడాడో, తనను కాపాడుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ ఆ ఫ్యాన్ చప్పుడు కాస్త మారితే చాలు, చీపురు ఆపి సార్ ముఖం చూస్తాను.