కుస్తీవాడి ఒంటికాలి పరీక్ష

ఇప్పటికీ కాలవ పడవెక్కితే కాసేపు ఒంటికాలి మీద నిలబడి చూసుకుంటాను. అది నేర్పిన మనిషి పేరు నాకు తెలియదు.

ధవళేశ్వరంలో ఎక్కాడు. చూడగానే కుస్తీవాడని తెలిసిపోయే ఒళ్ళు. కాసేపు కూర్చుని, లేచి ఎడమకాలి మీద నిలబడ్డాడు. పడవ ఊగుతున్నా కదల్లేదు.

"ఏంటండీ, తపస్సా?" అన్నాను.

"కుడి చీలమండ బెణికిందండి. నొప్పి తగ్గింది. బలం వచ్చిందో లేదో చూద్దామని."

కాలు మార్చి, బెణికిన కాలి మీద నిలబడ్డాడు. వెంటనే తూలి నా భుజం పట్టుకున్నాడు.

ముందు రేవులో డప్పులు మోగుతున్నాయి.

"ఆ డప్పులు ఇవాళ్టి నా కుస్తీకేనండి. ఈ కాలితో దిగితే మళ్ళీ బెణుకుద్ది."

రేవు వచ్చింది. అతను దిగలేదు. తలపాగా విప్పి చీలమండకు బిగించి కట్టుకున్నాడు. డప్పులు వినబడనంత దూరం వచ్చాక, లేచి మళ్ళీ ఆ కాలి మీదే నిలబడి చూశాడు.