రైలును వెనక్కి రప్పించిన మా బాపు

బొమ్మ కదిలిందంటే మనుషులు నోరు తెరుచుకుని చూసే రోజులవి. ఆ వింత కోసం ఊరంతా టాకీసుకు పోతే, వికారాబాదులో మా ఇంట్లో మాత్రం ఆదివారం ఆదివారం జరిగేది. తాండూరు నాపరాళ్ల కార్ఖానాలో గుమాస్తాగా ఉన్న మా మేనత్త కొడుకు పాత క్యాలెండర్లను అరచేతంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఒకే సంసారాన్ని కొద్దికొద్దిగా మార్చి గీసేవాడు. పంతొమ్మిదేళ్ల నేను వాటికి వరుస అంకెలు వేసి, ఎడమ అంచున కుట్టేవాణ్ణి. బొటనవేలితో సర్రున వదిలితే చాలు, తలకు రుమాలు, చంకన గొడుగుతో పొట్టాయన నడిచేవాడు, ఆయన భార్య గరిటె ఎత్తేది, పిల్లలు మంచం కింద దూరేవారు. (కుట్టింది నేనే అయినా ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.) వారానికో కొత్త కథ. మర్పల్లి నుంచి వచ్చిన చుట్టాలు మంచినీళ్లయినా తాగకముందే, "గీ వారం ఏమైందిరా ఆళ్లింట్ల?" అని అడిగేవారు.

చిక్కేమిటంటే ఆ పొట్టాయన మా నాన్న, మా బాపే. ఆ సంగతి ఆయనకొక్కరికే తెలియదు. బావకు అక్కనిచ్చే మాట ఆ ఆదివారం తేలాలి. సరిగ్గా ఆ వారమే బావ, బాపు ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుతూ ఎదురుగా ఉన్న తాండూరు రైలును పోగొట్టుకున్న వైనం గీసి తెచ్చాడు. (అది నిజంగానే జరిగింది, రెండుసార్లు.) నేను కుట్టి గూట్లో భద్రంగా దాచాను. వక్కల కోసం బాపు అదే గూట్లో చెయ్యి పెట్టారు.

అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది. బావ చెప్పులు వెతుక్కున్నాడు. అయితే బాపుది కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ చదువు. మనకు చివరి పుట ఆయనకు మొదటిది. అటునుంచే వదిలారు. పొట్టాయన చేతులు ఊపుతుంటే వెళ్లిపోయిన రైలు పొగ మింగుకుంటూ వెనక్కి వచ్చి ఆగింది. ఆయన తాపీగా కూర్చున్నాడు. ఖాళీ కప్పులో చాయ్ నిండింది. గీసిన బావే ఆ కథను మొదటిసారి చూస్తున్నాడు.

బాపు మళ్లీ వదిలారు, మళ్లీ.

"రుమాలు నాదే, గొడుగు నాదే," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "రైలు నా కోసం వాపస్ వచ్చిందిరా అల్లుడా."

అంతవరకు బావను పేరుపెట్టే పిలిచేవారాయన.

ఆ తర్వాత మోమిన్‌పేట, బంట్వారం పెద్దలు కూడా వచ్చి కుడి నుంచి ఒక కథ, ఎడమ నుంచి ఒక కథ చూసి పోయేవారు. నిన్న ఆనాటి డైరీ తీశాను. "బావ వచ్చాడు. వాన లేదు. అక్క పెళ్లి ఖాయం." అంతే. రైలు ఊసే లేదు. అలాంటి ఆదివారాలు ఎప్పటికీ వస్తూనే ఉంటాయని, రాసుకోవలసిన పనేముందని అనుకున్నానేమో, పిచ్చివాణ్ణి.