పిల్లికళ్ళ బాబాయి కుడికన్ను

మా పెద్దమ్మ పెట్టుడు కళ్ళు తయారుచేస్తుంది. ఒక కన్ను పోయినవాళ్ళకు, ఉన్న కంటికి జోడీ కుదిరేలా రంగులు వేసి, నరాల కోసం ఎర్ర పట్టుదారం పోగులు అతికించి ఇస్తుంది. పనికిరాని కన్నొకటి నేను పెదనాన్న టీ కప్పులో వేస్తే, ఆయన దాన్ని చెంచాతో తీసి, "నా టీ మీద కూడా కన్నేశావా?" అని ఆవిడకే తిరిగిచ్చాడు.

అలాంటి పెద్దమ్మను ముప్పుతిప్పలు పెట్టినవాడు మా వీధి సెలూన్ యజమాని, పిల్లికళ్ళ బాబాయి. ప్రమాదంలో ఆయన కుడికన్ను పోయింది. పెద్దమ్మ చేసిన కన్ను ఆవిడ గదిలో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. సెలూన్‌కు వెళ్తే మాత్రం కస్టమర్లు హడలిపోతున్నారు. మా వీధి టైలరైతే నురగ మూతితోనే లేచి పారిపోయాడు.

"కత్తి పట్టుకుని కసిగా చూస్తున్నానట అక్కా. ఇలాగైతే షాపు మూసుకోవాల్సిందే."

పెద్దమ్మ రంగు మార్చింది. నరాలు తగ్గించింది. మూడోదీ తిరిగొచ్చింది.

"మూడోకన్ను కదా, జాగ్రత్త, బూడిదైపోతాం," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"వదిలెయ్ అక్కా, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటా."

"పెట్టుకుందువుగాని. ముందు నన్ను నీ కుర్చీలో కూర్చోనివ్వు."

సెలూన్‌కెళ్ళి కూర్చుని, మెడకు గుడ్డ కూడా కట్టించుకుంది. గడ్డమొక్కటే లోటు. అద్దంలో బాబాయినే చూస్తూ లైటు ఆర్పమంది, వెయ్యమంది, మళ్ళీ ఆర్పమంది.

"షేవింగా, సినిమానా?" అన్నాను.

"నోరు మూసుకుని స్విచ్చి దగ్గరుండరా."

లైటు వెలిగినప్పుడల్లా బాబాయి అసలు కంటిపాప ఆవగింజంత అయిపోతోంది. పెట్టుడు కంట్లోది మిరియం గింజలా అలాగే ఉంటోంది. పెద్దమ్మ గదిలో వెలుతురు తక్కువ కాబట్టి అక్కడ రెండూ సమానమే.

"రంగుది కాదు తప్పు," అంది పెద్దమ్మ. "నా గది వెలుతుర్లో కూర్చుని నీ సెలూన్‌కి కన్ను గీశాను."

"ఇంతకీ నీది బొమ్మలేసే పనా, సైన్సా అక్కా?"

"రెండింట్లోనూ ఇవే తిప్పలు. ఇలా ఉంటుందనుకోవడం, చేసి చూడడం, కాకపోతే పారేయడం. కదలకు."

నాలుగో కన్ను ఆ కుర్చీలోనే, ఆ లైటు కిందే గీసింది.

అది పెట్టుకున్న రోజు టైలర్‌ని నేనే బతిమాలి తీసుకొచ్చాను. చెప్పులు విప్పకుండా కూర్చున్నాడు, పారిపోవడానికి వీలుగా. అద్దంలో బాబాయి కళ్ళలోకి చాలాసేపు చూశాడు. కత్తి గొంతు మీదికి వచ్చేసరికి గురకపెడుతున్నాడు.

బాబాయి కత్తి ఆపి గుసగుసగా అడిగాడు. "మరి ఎండలోకెళ్తే?"

పెద్దమ్మ అప్పటికే గుమ్మం బయట నిలబడి ఉంది.

"ఆయన గడ్డం పూర్తిచేసి ఇలా రా. వీధికింకోటి గీస్తాను."