జానెడు తడి

మండల కార్యాలయంలో అధికారి నా వార్త ఉన్న పేపర్ కటింగ్‌ను గూడెం పూజారి ముందుకు తోసి, పంట నష్టపరిహారం రాదని చెప్పారు.

"పెద్దాయనా, పండుగ కోసమని మీ గూడెపోళ్లే లేటుగ ఇత్తనమేసిన్రు. పేపర్ల రాసిన్రు చూడు. ఇగ వరద మీద నెపమేస్తే ఎట్ల?"

పేపర్‌లో ఆ వాక్యం రాసిన విలేకరిని నేనే. అధికారి ఆ మాట అన్నప్పుడు పూజారి పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఆ గూడెంలో భూమి పండుగ కాకుండా ఎవరూ విత్తనం వేయరు. ఆ పండుగకు క్యాలెండర్‌లో తేదీ లేదు. తొలకరి పడ్డాక పూజారి చేను తవ్వి, తడి జానెడు లోతుకు దిగిందని చేత్తో చూసుకున్నాకే రోజు చెబుతాడు. ఆ ఏడు వాన వచ్చినట్టే వచ్చి పోయింది. మధిర వైపు మొదటి జల్లుకే పత్తి పెట్టినవాళ్ల గింజలు మట్టిలోనే మాడిపోయాయి. గూడెం ఆగింది. ఆలస్యంగా వేసిన జొన్న పాలు పోసుకునే వేళ వాగు పొంగి ముంచేసింది. ఆ మునక గురించి రాయడానికే వెళ్లాను. తొందరలో, ఆచారం కోసం విత్తడం ఆలస్యం చేశారని కూడా రాసి పంపాను.

పూజారికి చదువు రాదు. కటింగ్ వైపు చూడలేదు.

"మేం పండుగ కోసం ఆగలే సారూ. తడి కోసం ఆగినం. తడి దిగితెనే పండుగ."

పూజారి వెంట పక్క ఊరి పాస్టర్ కూడా వచ్చి ఉన్నాడు. ఆ ఊరివాళ్లూ ఆలస్యంగానే విత్తారు, వాళ్ల పంటా అదే వాగులో పోయింది.

"నీకు ఆ పండుగ లేదు గద, నువ్వెందుకు ఆగినవయ్యా?" అన్నారు అధికారి.

"ప్రార్థన మాది సార్, మట్టి చూసుడు తాతది. మా సంఘపోళ్లం గూడ ఆయన చెప్పినంకనే ఏస్తం."

"గట్లైతే క్రిస్మస్ కేకుల పెద్ద ముక్క నాకు పంపాలె గదరా," అన్నాడు పూజారి. పాస్టర్ ఒక్కడే నవ్వాడు.

గూడెం ఆగింది తడి కోసమేనని మర్నాడు పేపర్‌లో సవరణ వేయించాను. లోపలి పేజీలో మూడు పంక్తులు వచ్చాయి. దాన్ని జతచేసి, పూజారి వేలిముద్రతో, పాస్టర్ సంతకంతో రెండు ఊళ్లూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టాయి. వానలు గతి తప్పడంలో తమ తప్పు లేదని, అడవిని కాచుకుంటూ వచ్చిన తమ మీదే ఆ నష్టం పడటం న్యాయం కాదని అందులో రాశారు.

కార్యాలయం ఇచ్చిన ఫారంలో విత్తిన తేదీకి గడి ఉంది. ఎందుకు ఆగారో రాయడానికి చోటు లేదు. రెండు వానాకాలాలు గడిచాయి. దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉందని నిన్న ఫోన్‌లో చెప్పారు.