దెవీనాకు చెనిక్కాయలిచ్చిన ఆమె

నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఇక చెప్పను. మా అమ్మ మీద ఒట్టు... ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రాత్రి జీపులో ఐదుగురం ఉన్నాం. ఐదుగురమూ ఇంకా ఉన్నాం. కావాలంటే ఎవరినైనా అడగండి.

అప్పుడు నేను కుప్పంలో ఎమ్మే చదువుతున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. మా హాస్టలుకు మారిషస్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. దెవీనా. ఏడాది పాటు ఇక్కడ చదువుకుని వెళ్ళిపోవడానికి. ఎప్పుడో వాళ్ళ పెద్దలు చెరకు తోటల్లో పనికని ఓడెక్కి పోయిన తెలుగువాళ్ళట. చూడటానికి అచ్చం మనలాగే ఉంటుంది. నోరు తెరిస్తేనే తెలుస్తుంది. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. బస్సులో కండక్టరుకు చేతులు జోడించి "ధన్యవాదములు" అనేది. ఆయన చిల్లర ఇవ్వడం మరచిపోయి నోరు తెరుచుకుని చూసేవాడు.

ఇంకొకటి... ఆమెకు 'ర' పలకదు. గొంతులోంచి గాలిలాగా వస్తుంది. నా పేరు రేవతి. ఆమె నోట్లో నేను "హేవతి". నన్ను అలా పిలిచేది ప్రపంచంలో ఆమె ఒక్కతే.

కుప్పం ఎనిమిదింటికే పడుకునే ఊరు. దెవీనాకు తోచేది కాదు. "మీ దేశంలో ఒక పట్నం రాత్రంతా ఎలా ఉంటుందో చూడవలెను" అని పట్టు పట్టింది. బెంగళూరంటే వార్డెన్ ఒప్పుకోదు. మా క్లాసు షబానాది మదనపల్లె.

"మా ఊరికి రాండమ్మే. బెంగుళూరు కాకపోతే ఏం? టమాటా మండీ సూస్తే తెలుస్తాది, మా ఊరు రాత్రి నిద్రపోతాదో లేదో" అంది.

షబానా మేనమామ ఖాదర్‌కు ఒక పాత జీపు ఉండేది. అందరం ఆయనను మామూ అనే పిలిచేవాళ్ళం. శనివారం ఆ జీపులో బయలుదేరాం. నేను, షబానా, దెవీనా. మా క్లాసు భాస్కర్ కూడా ఎక్కాడు. వాడిది పలమనేరు పక్కన ఊరు. వాడుంటే నవ్వుకు కరువుండదు.

ఆ సాయంత్రం ఎంత బాగా గడిచిందో! బజారులో గాజులు, గుడ్డలు. దేనికో తెలియకుండానే దెవీనా బేరమాడింది. షబానా వాళ్ళమ్మ బిర్యానీ పెట్టింది. సెకండ్ షో సినిమాకు పోయాం. హీరో రాగానే హాలంతా ఈలలు. దెవీనా కుర్చీ ఎక్కి నిలబడి భాస్కర్ కంటే గట్టిగా ఈల వేసింది. వెనక కూర్చున్న పెద్దాయన "కూసోమ్మా తల్లీ" అని దండం పెట్టాడు. అట్నుంచి మండీకి. వరసగా లారీలు, బల్బుల వెలుతురు, కొండలాగా టమాటాలు, హమాలీల కేకలు. దెవీనా ఒక టమాటా తుడుచుకుని అక్కడే కొరికింది. రసం మోచేతి దాకా కారింది. "నేను ఇక్కడనే ఉండిపోయెదను" అంది.

తెల్లారాక బయలుదేరదామనుకున్నాం. కానీ మామూకు పొద్దున్నే పలమనేరులో లోడు ఎత్తే పని పడింది. "ఇప్పుడే పోదాం, మిమ్మల్ని కుప్పంలో దింపేసి వస్తా" అన్నాడు. సరే అన్నాం. అక్కడే... అక్కడే ఆగి ఉండాల్సింది.

జీపులో ముందర మామూ, పక్కన భాస్కర్. మధ్య సీట్లో నేను, షబానా. వెనక రెండు వైపులా ఎదురెదురుగా బల్లలు ఉంటాయి కదా... ఒక బల్ల మీద ఒక కొసన టమాటా పెట్టెలు. ఇంకో బల్ల మీద దెవీనా కాళ్ళు చాపుకుని పడుకుంది. వెనక తలుపు గడియ పాడైపోయి ఉండేది. తాడుతో కట్టేశారు. ఎవరు కట్టారని మాత్రం నన్ను అడగకండి.

ఊరు దాటాం. చీకటి. రోడ్డుకు రెండు పక్కలా బండరాళ్ళు. మేం పాటలు పాడుకుంటూ పోతున్నాం. పుంగనూరు ఇంకా దూరం ఉందనగా ఇంజన్ కాగిపోయింది. మామూ జీపు ఆపి బానెట్ ఎత్తాడు. పొగ. మేం ముగ్గురం దిగాం. దెవీనా నిద్రలో ఉందని లేపలేదు.

దిగాక తెలిసింది... ఎంత నిశ్శబ్దంగా ఉందో. కీచురాళ్ళు కూడా లేవు. ఇంజన్ చల్లబడుతూ టిక్... టిక్... మంటోంది. అంతే. భాస్కర్ నక్కలాగా ఊళ వేసి మమ్మల్ని భయపెట్టాలని చూశాడు. మొదలుపెట్టినవాడు మధ్యలోనే ఆపేశాడు. ఎందుకు ఆపాడో అడగలేదు.

మామూ నీళ్ళు పోశాడు. ఎక్కాం. బయలుదేరాం.

కాసేపటికి వెనక నుంచి దెవీనా మాటలు వినబడ్డాయి.

"అవునండి... కుప్పం అండి..."

కొంచెం ఆగింది.

"లేదండి. ఇంకా పెళ్ళి కాలేదండి."

మళ్ళీ ఆగింది. నవ్వింది.

భాస్కర్ వెనక్కి తిరిగి మాతో, "సూడండమ్మే, రేపు టీచర్ ముందర మాట్లాడల్ల కదా, ప్రాక్టీసు చేస్తా ఉండాది" అన్నాడు. మేం నోరు మూసుకుని నవ్వుకున్నాం. ఆమె రోజూ అద్దం ముందు అలా మాట్లాడుకునేది. అలవాటే.

"వాళ్ళు నా స్నేహితులండి" అంటోంది దెవీనా. తర్వాత మా పేర్లు చెబుతోంది. మెల్లగా, ఒక్కొక్కటి. బడిలో హాజరు చెప్పినట్టు.

నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. చీకటి. తెల్ల చున్నీ ఒకటి కనిపించింది, దెవీనాది. లేచి కూర్చుని ఉంది. ఎదురు బల్ల వైపు చూస్తూ తల ఊపుతోంది. ఎదురు బల్ల మీద టమాటా పెట్టెలు. వాటి పక్కన ఇంకేమైనా ఉందా అంటే... ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. ముందుకు తిరిగి కూర్చున్నాను.

పుంగనూరు దీపాలు కనిపించాయి. మామూ జీపు నెమ్మది చేశాడు. అప్పుడు దెవీనా ముందుకు వంగి నా భుజం తట్టింది.

"హేవతీ, ఈ అమ్మగారు ఎక్కడ దిగవలెనో మామూతో చెప్పారా?"

"ఏ అమ్మగారు?"

"ఈ..." అని పక్కకు తిరిగింది.

ఆగిపోయింది.

నేను ఇప్పటికీ ఆ మొహం మరచిపోలేను. భయం కాదు. ఏదో వస్తువు పెట్టిన చోట లేకపోతే వెతుక్కుంటామే... అలా చూసింది. ఎదురు బల్ల మీద చెయ్యి పెట్టి తడిమింది.

"ఇప్పుడే ఇక్కడ ఉన్నారు. నా చెయ్యి పట్టుకొని ఉన్నారు."

మామూ జీపు రోడ్డు మధ్యలోనే ఆపేశాడు. టార్చి తీసుకుని వెనక్కి వెళ్ళాడు. మేం ఎవరమూ కదల్లేదు. తాడు కట్టినట్టే ఉంది. పైన టార్పాలిన్ ఒక పక్క కొంచెం తెరుచుకుని ఉంది. పోతున్న జీపులోంచి ఆ సందుగుండా మనిషి దూకగలదా? ఏమో.

"ఎవురమ్మా ఎక్కింది? యాడ ఎక్కింది?" అన్నాడు మామూ.

"మీరు నీళ్ళు పోస్తున్నప్పుడు. నేను లేచేసరికి కూర్చొని ఉన్నారు. మీరు ఎక్కించుకున్నారని అనుకొన్నాను. మన బస్సులో, ఆటోలో అందరూ అలాగనే ఎక్కుతారు కదా?"

నిజమే. ఆమెకు అది వింతే కాదు. ఈ దేశంలో ఎవరైనా ఎక్కడైనా చెయ్యెత్తి ఎక్కుతారు, పక్కన కూర్చుని ఊరూ పేరూ పెళ్ళీ అడుగుతారు. వచ్చినప్పటి నుంచీ అదే చూస్తోంది.

"ఏమి అడిగిందే నిన్ను?" షబానా అడిగింది.

"యాడికి పోతాండారు అన్నారు. ముందర కూర్చున్నది ఎవురు, బండి తోలేది ఎవురు అన్నారు. 'ఎవురు' అంటే 'ఎవరు' కదా? నేను అందరి పేర్లూ చెప్పాను."

"నీ పేరు?"

దెవీనా ఆలోచించింది. "నా పేరు అడగలేదు."

మామూ టార్చి వెలుతురు ఆమె ఒడిలో పడింది. ఒడిలో చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు. పచ్చివి. అప్పుడే పెరికినట్టు తడిమట్టి అంటుకుని ఉన్నాయి.

"అమ్మగారు ఇచ్చారు" అంది దెవీనా. "తియ్యగా ఉన్నాయి."

తినింది. అప్పటికే కొన్ని తినేసింది.

నడి ఎండాకాలం అది. చుట్టుపక్కల చేలన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఎవరో బోరు కింద వేసి ఉంటారని తర్వాత మామూ అన్నాడు. వేసి ఉండవచ్చు. నేను కాదనను. కానీ ఆ రాత్రి ఆయనే ఆ కాయలన్నీ గుడ్డతో తోసి రోడ్డు పక్కన పారేశాడు. చేత్తో ముట్టుకోలేదు.

"ఇంక ముందుకు నేను తోలను" అన్నాడు. "పుంగనూర్లో మా అక్క ఉండాది. తెల్లారినాక పోదాం."

ఆయన అక్క, అంటే షబానా పెద్దమ్మ. తలుపు తీసి మా మొహాలు చూడగానే ఏమీ అడగలేదు. మామూ ఉర్దూలో ఏదో చెప్పాడు. ఆమె దెవీనాను పట్టుకుని నోరు కడిగించింది. ఏదో చదివి మొహాన ఊదింది. మా అందరికీ ముందు గదిలో చాపలు పరిచింది.

"ఎవురు పిలిచినా పలకద్దండి బిడ్డా. మీ అమ్మ గొంతయినా సరే. పొద్దున మసీదులో అజా వినిపించేదాకా నోళ్ళు మూసుకోని పండుకోండి" అంది.

ఒక పక్క మామూ, భాస్కర్. ఇంకో పక్క మేం ముగ్గురం. నాకు ఎడమ వైపు షబానా. కుడి వైపు దెవీనా. దెవీనా చెయ్యి నా చేతిలో ఉంది. మంచుగడ్డలా ఉంది ఆ చెయ్యి. ఎంత రుద్దినా వేడెక్కలేదు.

కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి... ఆగింది.

వీధిలో కుక్కలు ఉన్నాయి. మేం వచ్చేటప్పుడు జీపు వెంటబడి మొరిగాయి. ఇప్పుడు ఒక్కటీ మొరగడం లేదు.

అప్పుడు...

"ఖాదహ్... మామూ..."

ఆడ గొంతు. పెద్దావిడ గొంతు. తలుపుకు అవతల. గట్టిగా కాదు. పక్కింటావిడ చేటో జల్లెడో అడగడానికి వచ్చినట్టు, మెల్లగా.

మామూ కళ్ళు తెరిచే ఉన్నాయి. కిటికీ వెలుతురులో మెరుస్తున్నాయి. పలకలేదు.

చాలాసేపు ఏమీ లేదు. వెళ్ళిపోయిందనుకున్నాను.

"షబానా..."

షబానా నా జబ్బను గోళ్ళతో పట్టుకుంది. నెత్తురు వచ్చింది. అప్పుడు నొప్పి తెలియలేదు.

"భాస్కహ్..."

ఆ గాలి... ఆ చివర గాలి... ఎక్కడో విన్నాను అనుకున్నాను. ఎక్కడో కాదు. రోజూ వింటున్నాను. కానీ బుర్రకు అందలేదు.

తర్వాత నా పేరు.

"హేవతీ..."

నేను పక్కకు తిరిగి దెవీనాను చూశాను. ఆమె నోరు మూసుకునే ఉంది. పెదాలు బిగించి, కళ్ళ నీళ్ళు కారుస్తూ నన్నే చూస్తోంది. గొంతు తలుపు బయట ఉంది. ఆమె ఎలా పలికిందో అలాగే... ఎలా నేర్పిందో అలాగే.

మళ్ళీ అంది. "హేవతీ..."

ఎవరో "ఆ..." అన్నారు.

గదిలోంచే.  భాస్కర్! వీడికి బుద్ధి లేదా అనుకున్నాను. మామూ ఒక్క ఉదుటున లేచి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. అడుగుల చప్పుడు కూడా లేదు. అజా వినిపించేదాకా ఎవరమూ రెప్ప వాల్చలేదు.

తెల్లారింది. వీధిలో పాల క్యాన్లు, సైకిళ్ళు, ముగ్గులు. మామూలు పొద్దు. పెద్దమ్మ వీధంతా అడిగి వచ్చింది. ఎవరూ ఏమీ వినలేదన్నారు. కుప్పం వెళ్ళిపోయాం. దెవీనాకు ఏమీ కాలేదు. జ్వరం కూడా రాలేదు. చదువు అయ్యాక విమానం ఎక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పండగలకు ఫోన్ చేస్తుంది. ఆ రాత్రి గురించి అడిగితే, "ఆమె చెడ్డవారు కాదు హేవతీ, చాలా ప్రేమగా మాట్లాడారు" అంటుంది. నాకు ఆ మాట ఇంకా భయం.

చాలా ఏళ్ళకు భాస్కర్ పలమనేరులో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. షబానా కూడా వచ్చింది. భోజనాలయ్యాక ముగ్గురం మేడ మీద కూర్చున్నాం. మాటల్లో మాటగా నేనే అన్నాను.

"ఆ పొద్దు రాత్రి నువ్వు 'ఆ' అని పలికితివి సూడు భాస్కర్, నా పానం పోయింది."

భాస్కర్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. షబానా వైపు చూశాడు.

"నేను పలకలేదు రేవతీ."

"మరి ఎవురు?"

 కింద ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. షబానా నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నీకు గుర్తుంటాది అనుకున్యామే... అందుకే ఇన్నేండ్లూ ఆ మాట ఎత్తలేదు" అంది. "పలికింది నువ్వే. ఒగ తూరి 'ఆ' అన్నావు. ఆమె ఏదో అనింది. మళ్ళా నువ్వు, 'వస్తాండా' అన్నావు. లేసి తలుపు కాడికి పోయినావు. మామూ అడ్డం కూసున్యాడు. నేనూ దెవీనా నిన్ను పట్టుకోని లాగినాము."

నేను లేవలేదు. చాప మీదే ఉన్నాను. రాత్రంతా దెవీనా చెయ్యి నా చేతిలోనే ఉంది. నాకు బాగా గుర్తుంది... ఆ చల్లదనం కూడా గుర్తుంది.

అసలు అది దెవీనా చెయ్యేనా?

నాకు తెలియదు. వాళ్ళకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. నాకూ లేదు.