చిన్నత్త ఎడమచెయ్యి

మొన్న పటమటలో మా ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి చిన్నత్త ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూసి, "బలం వస్తోందండీ, ఇంక డెక్స్‌టెరిటీ రావాలి" అంది. అంటే ఏమిటమ్మా అని అడిగితే, చేతి పనితనమనీ, బొత్తాం పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం లాంటివనీ చెప్పి స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. ఒక మాట చెవిన పడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసేదాకా నాకు అన్నం సహించదు. ఫోన్లో వెతికాను. లాటిన్‌లో కుడివైపుకున్న మాటలోంచి పుట్టిందట. నేర్పంటే కుడిచెయ్యేనని వాళ్లు ఏనాడో తేల్చేశారన్నమాట. రెండు చేతులతోనూ సమానంగా పనిచేసేవాడికి ఇంగ్లీషులో ఉన్న మాటకైతే, విడదీసి చూస్తే, రెండూ కుడిచేతులే ఉన్నవాడని అర్థం. లాటిన్‌లో ఎడమకున్న మాట ఇంగ్లీషులోకొచ్చి ఏకంగా కీడుగా మారింది. పాపం, ఎడమచేతికి దేశంకాని దేశంలో కూడా దిక్కులేదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లూ మండింది. మా వంశంలో పనితనమంటూ ఉంటే అది చిన్నత్త ఎడమచేతిలోనే ఉండేది. పక్షవాతం వచ్చి చచ్చుబడింది సరిగ్గా ఆ చెయ్యే. అది తిరిగొస్తుందో రాదో ఇప్పటికీ డాక్టరుగారు తేల్చి చెప్పడం లేదు.

మా నాన్నగారికి ఇద్దరు చెల్లెళ్లు. ఉయ్యూరులో ఉన్నప్పుడు చిన్నత్తకి రాత నేర్పే పని నానమ్మ పెద్దత్తకి అప్పజెప్పింది. పెద్దత్త గరిటె కాడతో వేళ్లమీద కొట్టి మరీ పలక కుడిచేతికి మార్పించిందట. తీర్పురోజున మంచివాళ్లు గొర్రెల్లా దేవుడి కుడివైపు, పాపులు మేకల్లా ఎడమవైపు నిలబడతారని పాస్టరుగారు ప్రసంగం చేసిన ఆదివారం నుంచి చెల్లెల్ని మేకా అని పిలవడం కూడా మొదలుపెట్టింది. నానమ్మ న్యాయం ఇంకా విచిత్రం. ఎడమచేత్తో చేప కోసినా, గారెలు తట్టినా ఫరవాలేదు, లొట్టలేసుకుంటూ తినేవాళ్లం. వడ్డించడానికీ, ఇవ్వడానికీ, పుచ్చుకోవడానికీ మాత్రం కుడిచెయ్యే కావాలి. చిన్నత్త మల్లెపూలు కడుతుంటే చూడాలి. అరటినార మీద ముడి అందరికీ ఒకవైపు తిరిగితే ఆమెకి రెండోవైపు తిరిగేది. సగం కట్టిన దండని ఇంకొకరు అందుకుంటే చెయ్యి సాగేది కాదు. ఆ బిగువు మాత్రం ఇంకెవరి దండకీ లేదు.

పెద్దత్త పెళ్లికి నేను గౌన్లు వేసుకునే పిల్లని. చిన్నత్త తెల్లవారకముందే కూర్చుని అక్క కోసం మల్లెలూ మరువమూ కలిపి దండ కట్టింది. తీరా చర్చికి బయల్దేరే వేళకి, ఎడమచేతి దండ పెళ్లికూతురి మెడలో పడకూడదని నానమ్మ అడ్డుపడింది. పెద్దత్త ఒక్కసారి ఆ దండవైపు చూసి, అమ్మ చెప్పినట్టే కానివ్వండి అంది. బెజవాడ నుంచి తెప్పించిన దండ వేసుకుని వెళ్లింది. అది బస్సులో నలిగి సగం పూలు రాలిపోయి ఉంది. చిన్నత్త కట్టినది వీధి గుమ్మానికి వేలాడదీశారు. ఆ గుమ్మం దాటేటప్పుడు చిన్నత్త తలెత్తలేదు. తర్వాత ఎవరడిగినా పూలు కట్టిందిగానీ, పెళ్లిదండ మాత్రం ఎవరికీ కట్టలేదు.

ఈ జబ్బు చేశాక చిన్నత్త ఏడవలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం నాతో, "పోతే ఆ కుడిచెయ్యి పోయినా బాగుండేదే. అది ఎప్పుడూ నాది కాదు" అంది.

కబురు తెలిసి పెద్దత్త చల్లపల్లి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. మోకాళ్ల నొప్పులతోనే నేలమీద కూర్చుని, నూనె గోరువెచ్చన చేసి, చెల్లెలి ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని పూటపూటా మర్దనా చేస్తుంది. క్షమాపణలూ అవీ ఆవిడకి చేతకావు. నిన్న సాయంత్రం బత్తాయి ఒలిచి ఒక తొన అందించింది. చిన్నత్త అలవాటుగా కుడిచెయ్యి చాపింది. పెద్దత్త తొన వెనక్కి తీసుకుంది.

"ఆ చెయ్యి కాదే. నీ చేత్తో తీసుకో."

చిన్నత్త అక్కవైపు నమ్మలేనట్టు చూసింది. ఎడమచెయ్యి ఒళ్లోంచి మెల్లగా లేచింది, మధ్యలో ఒకసారి దిగిపోయి మళ్లీ లేచింది. పెద్దత్త సాయం పట్టలేదు, తొందర పెట్టలేదు. తొన నలిగి రసం చీరమీద కారినా వేళ్లు దాన్ని వదల్లేదు. ఆ మాట పెద్దత్త నోట రావడానికి దాదాపు ఒక జీవితకాలం పట్టింది గానీ, ఆ చెయ్యి తొన దాకా చేరడానికి పట్టిన కాసేపే మా ముగ్గురికీ అంతకంటే పొడుగ్గా గడిచింది.