బొమ్మ కిటికీల గోడ

తొమజీనా ఎవరినీ నమ్మదు. శనగపిండి తెచ్చినవాడి ఎదుటే బస్తా మూతి విప్పి వాసన చూస్తుంది. తమ్ముడు జెరోలమో పెళ్లిలో పాద్రీని మధ్యలో ఆపి, పెళ్లికూతురి పేరు మళ్లీ చదవమంది. ఇలాంటివాళ్లను మా జెనోవాలో జాగ్రత్తపరులంటారు. ఊరు దాటితే వేరే మాట అంటారు, అది మనకు అనవసరం.

ఓడరేవు వెనక సందులో ఆమెది ఫరినాటా కొట్టు. జారుగా కలిపిన శనగపిండిని వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలోకి తోసి, అంచులు మాడేదాకా కాల్చి అమ్ముతుంది. కొట్టు వెనక గదే ఇల్లు. అక్కడ మిట్టమధ్యాహ్నమైనా దీపం వెలగాల్సిందే. బట్టలు ఆరవు, పొగ వాసనతో తడితడిగానే మడతపడతాయి. పాత నగరంలో పేదవాళ్లకు కష్టాల మధ్య ఒక అందం ఉంటుందని రాసే పెద్దమనుషులు ఆ గదిలో ఒక చలికాలం పడుకుని లేస్తే బాగుండేది. యాభై ఎనిమిదేళ్ల తొమజీనా మోకాళ్లు అడిగింది ఒకటే: ఎండ పడే ఇల్లు.

అమ్మకానికి వచ్చిన ఇల్లు మాత్రం ఎండ పడేది కాదు, పెద్దది. పాత భవనంలో మూడో అంతస్తు. నాట్యం చేసుకోవచ్చన్నంత హాలు, కప్పు మీద మేఘాల్లో తేలే దేవతల బొమ్మలు, నాలుగు పడకగదులు. కిటికీలన్నీ సందులోకే, చెయ్యి చాస్తే ఎదురింటి గోడ. దక్షిణంగా చిన్న కూడలి ఉంది, అక్కడ ఎండ పుష్కలంగా ఉంది, కానీ ఆ వైపు గోడకున్నవి బొమ్మ కిటికీలు. చెక్క తలుపులూ, గట్లూ, గట్ల కింద నీడలూ అన్నీ గోడ మీద రంగులతో వేసినవే. మా ఊళ్లో సగం కిటికీలు అలాంటివే. మూసి ఉన్నదాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

"ఆ గోడకి ఒక్క కిటికీ కొట్టించుకోవచ్చా?" అని తొమజీనా అడిగింది.

"బొమ్మలు చెరిపితే జరిమానా" అంది అమ్ముతున్న ఒర్తెన్సియా. ఎనభై దాటిన వితంతువు, వేలికి పగడపు ఉంగరం. "వాటి వయసు నా వయసుకి నాలుగింతలు. వాటికున్న రక్షణ నాకు లేదు."

ధర వినగానే తొమజీనా మొహం మాడిపోయింది. మరీ తక్కువ.

"చీకటి ఇల్లక్కా, అందుకే చవక" అన్నాడు జెరోలమో.

"చీకటికి ఇంత తగ్గించరు. ఏదో ఉంది."

"నీకు పళ్లెంలో వడ్డిస్తే పళ్లెం కింద చూస్తావు."

"చూస్తాను. ఒకసారి పురుగు దొరికింది."

ఆమె నేల మీద గోళీ దొర్లించింది. కింది ఇంటివాళ్ల కప్పులో తేమ ఉందేమో తడిమి చూసింది. హాలు చివర, పెద్ద బీరువా నిలబెట్టిన దక్షిణపు గోడ దగ్గర ముక్కు పైకెత్తింది. "బేసిల్ ఆకు వాసన. ఇప్పుడే నీళ్లు పోసినట్టు."

"పక్కింట్లో ఆ ఆకుతో పెస్టో పచ్చడి నూరుతున్నారు" అంది ఒర్తెన్సియా.

"ఇల్లు అమ్మాక మీరెక్కడుంటారు సిన్యోరా?"

"మేనకోడలి దగ్గర, నెర్వీలో." తర్వాతి వారం అడిగితే మేనకోడలు కామొల్యీకి మారిపోయింది.

తొమజీనా ఎప్పుడు వెళ్లినా సాయంత్రమే. పొద్దున్న పొయ్యి వదిలి రాలేదు. ప్రతిసారీ కూడలిలో నిలబడి ఆ బొమ్మ కిటికీల కేసి చూసి నిట్టూర్చేది. చివరికి చీకటైనా విశాలంగా ఉంటే చాలనుకుంది, సంతకాలకి నోటరీ దగ్గర రోజు కూడా ఖాయం చేసుకుంది.

ఇంతలో పొగగొట్టం శుభ్రం చేసేవాళ్లు వచ్చారు. పొయ్యి ఆర్పాల్సి వచ్చింది. జీవితంలో మొదటిసారి ఖాళీగా దొరికిన ఆ పొద్దున ఆమె కూడలికి నడిచి, ఇంకో అనుమానం ఏదైనా మిగిలిందేమో అని గోడకేసి చూసింది.

మిగిలింది. సూర్యుడు కుడివైపు నుంచి వస్తున్నాడు. బొమ్మ గట్ల నీడలు మాత్రం కుడివైపుకే సాగి ఉన్నాయి. చిత్రకారుడు సాయంత్రం వెలుగులో వేశాడన్నమాట. సాయంత్రాలు అసలు నీడలు కూడా అటే పడతాయి కనుక ఇన్నాళ్లూ తేడా తెలియలేదు. ఇప్పుడు మూడో అంతస్తులో, చివరి కిటికీ గట్టు నీడ ఒక్కటే ఎడమవైపు పడింది.

తొమజీనా కదల్లేదు. కాసేపటికి ఆ కిటికీ రెక్క కింది భాగం పైకి లేచింది. బేసిల్ కుండీ ఒకటి గట్టు మీదకు వచ్చింది. దాన్ని నెట్టిన వేలికి పగడపు ఉంగరం.

మూడో అంతస్తు మెట్ల మలుపులో చీపుర్ల అర తలుపు అని అందరూ అనుకునే చిన్న తలుపొకటి ఉంది. తొమజీనా దాన్ని గుద్దింది. ఒర్తెన్సియా నీళ్ల చెంబు చేత్తో పట్టుకునే తెరిచింది. వెనక గది నిండా ఎండ. మంచం, కుర్చీ, గోడకు ఆనించిన నాలుగు సామాన్లు.

"మేనకోడలు ఏ ఊళ్లో ఉంది ఇవాళ?"

"ఎలా తెలిసింది నీకు?"

"నీడ తప్పుగా పడింది."

ముసలామె కుర్చీలో కూలబడింది. "మా ఆయన పోయాక గోడ కట్టించి, ఈ గది విడిగా రాయించుకున్నాను. అంత ఇంటిని నేను వేడి చెయ్యలేను, తొందరగా పోతుందని ధర తగ్గించాను. కానీ గోడ అవతల ముసల్ది ఉందంటే ఎవడు కొంటాడు? ఎండ గది ఉందంటే దాన్నే ముందు అడుగుతారు."

"నేనూ అదే అడుగుతున్నా. గది కలిపి రాయండి, లేకపోతే సంతకం లేదు."

"నన్ను వీధిలోకి పొమ్మంటావా?"

"ఎవరు పొమ్మన్నారు? ఉన్నంతకాలం ఉండండి. అదీ రాసుకుందాం. ఈ గోడలో తలుపు పెట్టిస్తా. పొద్దున్న పొయ్యి రాజేసి తమ్ముడికి అప్పజెప్పి, పిండి నానేలోపు వచ్చి ఎండలో కూర్చుంటా."

"కూర్చుని నేనెప్పుడు చస్తానా అని చూస్తావు."

"చూస్తాను. మీరు నా గిన్నెల్లోకి చూసి వీధంతా చెప్పరా?"

ఒర్తెన్సియా ఆలోచించింది. "చెప్తాను" అంది.

అలాగే రాసుకున్నారు. తలుపు పెట్టిన రోజున తొమజీనా తనవైపు ఒక గడియ బిగించింది. వారం తిరక్కుండా ఒర్తెన్సియా తనవైపు ఇంకా లావుపాటిది బిగించింది. వీధివాళ్లు వాళ్లిద్దరినీ అక్కాచెల్లెళ్లంటూ మురిసిపోతారు. ఆ గడియలు చూసినవాళ్లు అలా అనరు.

పొద్దున ఏడు దాటితే ఒక గడియ చప్పుడవుతుంది. కాసేపు నిశ్శబ్దం, అవతలివాళ్లు ముందు మాట్లాడాలని ఇద్దరూ కాచుకుంటారు. మొన్న నిశ్శబ్దం మరీ సాగింది. తొమజీనా తలుపు మీద కొట్టింది.

"సిన్యోరా! ఉన్నారా, పోయారా?"

"ఉన్నాను. ఆశపడకు."

"అయితే తియ్యండి మరి. ఎండ పోతోంది."